మేడ మీద ఇంటి విన్నపం

మా ఇంటి కింద బెల్లం గోదాం. మేం మేడ మీద ఉంటాం. మధ్యాహ్నం పూట ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే కింద నుంచి బెల్లం వాసన, పై నుంచి శ్లాబు వేడి, చెవిలో హైదరాబాదు నుంచి మా టీమ్ లీడు గొంతు. కీబోర్డు మీద చీమలు తిరుగుతుంటాయి. మొదట్లో దులిపేదాన్ని. ఇప్పుడు వాటి దారిన వాటిని పోనిస్తున్నాను. నాకు ఓపిక లేదు, అవి ఎక్కడికీ పోవు.

నేను వెబ్ అప్లికేషన్లకి తెరలు రాస్తాను. మా చుట్టాలు మాత్రం "కంప్యూటర్లో ఏదో సేత్తాదిలే" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అంతకంటే వివరంగా చెప్పాలని నాకూ ఎప్పుడూ అనిపించలేదు. చెప్పి మాత్రం ఏం లాభం, నెల తిరిగేసరికి జీతం పడిందా లేదా అన్నదే వాళ్ళ ప్రశ్న. కానీ మా ఇంట్లో జరిగిన సంగతి అర్థం కావాలంటే నా పని గురించి కొంచెం చెప్పక తప్పదు.

తెర మీద మీకు కనిపించేదంతా మేం ముక్కలు ముక్కలుగా రాస్తాం. ఆ ముక్కల్నే కాంపొనెంట్లు అంటాం. అన్నిటికీ కావలసిన సమాచారం మాత్రం ఒక్కచోటే ఉంచుతాం. దాన్ని వంటింట్లో డబ్బాల వరస అనుకోండి. డబ్బా మీద పేరు, లోపల సరుకు. పేరుని కీ అంటాం, సరుకుని వాల్యూ అంటాం. మన వంటింటి డబ్బాలకి లేని గుణం వీటికి ఒకటుంది. లోపల సరుకు మారగానే, ఆ డబ్బా మీద కన్నేసి ఉంచిన ప్రతి ముక్కకీ కబురు వెళ్ళిపోతుంది. ఆ ముక్క వెంటనే తనని తాను కొత్తగా గీసుకుంటుంది. పప్పు అయిపోయిందని ఇంట్లో ఎవరూ ఎవరికీ అరిచి చెప్పక్కర్లేదు. దీన్ని రియాక్టివ్ స్టేట్ అంటారు. వినడానికి చాలా హాయిగా ఉంటుంది.

షరతు ఒకటే. సరుకు మార్చేవాళ్ళు ముందు నుంచి, మూత తీసి మార్చాలి. డబ్బాకి వెనక కన్నం పెట్టి లాగేస్తే సరుకు మారుతుంది గానీ కబురు ఎవరికీ వెళ్ళదు. లోపల పప్పు లేదు, తెర మీద మాత్రం పప్పు ఉన్నట్టే కనిపిస్తుంది.

ఆ వేసవంతా నాకు అలాంటి కన్నం ఒకటి వెతకడంతోనే సరిపోయింది. బస్సు టిక్కెట్ల అప్లికేషన్ అది. సీటు నంబరు కీ, ఖాళీయా కాదా అన్నది వాల్యూ. ఎవరో సీటు కొనుక్కుంటారు. పైన ఖాళీల సంఖ్య తగ్గుతుంది. కింద బస్సు బొమ్మలో మాత్రం ఆ సీటు పచ్చగా, ఎవరైనా కూర్చోండి అన్నట్టు అలాగే ఉంటుంది. ఇంకొకరు వచ్చి దాని మీదే నొక్కుతారు. తిట్లు మా కంపెనీకి, అక్కడి నుంచి మా టీమ్ లీడుకి, అక్కడి నుంచి నాకు.

"మేడమ్, ఆ సీటు ఇంకా గ్రీన్‌లోనే ఉంది." పొద్దున్నే కాల్ కలపగానే ఆయన మొదటి మాట ఇదే.

"చూస్తున్నానండీ."

"ఎవరికీ తెలియకుండా ఏదీ మారకూడదు మేడమ్. మారిందంటే అందరికీ తెలియాలి. అంతే కదా మన పని."

అంతేనండీ, అని నేను. ఈ మాట ఆయన రోజూ అనేవాడు. నాకు కంఠతా వచ్చేసింది. ఇంటి పని, ఆఫీసు పని, ఈ సీటు, అన్నీ కలిసి తల ప్రాణం తోకకి తెచ్చాయి. అన్నం తింటూ కూడా ఆ పచ్చ సీటే కనిపించేది.

ఇది చాలనట్టు అంతకు కొన్ని నెలల ముందే మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు నాకు ఇంకో పని తగిలించారు. కంప్యూటర్ తెలుసని ఎక్కడా చెప్పుకోకూడదు. చెప్పుకుంటే పెళ్ళి ఫోటోలు ఎక్కించడం దగ్గర్నుంచి ఫోను రిపేరు దాకా అన్నీ మన నెత్తినే పడతాయి.

మా మందిరంలో ప్రతి శుక్రవారం ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన జరుగుతుంది. వచ్చినవాళ్ళు తమ విన్నపాన్ని చిన్న చీటీ మీద రాసి గుమ్మం దగ్గరున్న బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. పేర్లు రాయరు, ఏ ఇల్లో రాస్తారు. రైలు గేటు ఇల్లు, మోకాళ్ళ నొప్పులు. పాలకేంద్రం పక్కిల్లు, అబ్బాయికి ఉద్యోగం. ఎవరిదో అందరికీ తెలుసు, కానీ పేరు లేకపోవడంలో ఒక మర్యాద ఉంది. కోటవురట్ల మామ్మ ఒక్కో చీటీ తీసి పైకి చదువుతుంది. ఎప్పుడో కోటవురట్ల నుంచి కోడలిగా ఈ ఊరొచ్చిన మనిషి. మా ఆడవాళ్ళందరికీ పెద్ద. ప్రార్థన అయ్యాక చీటీలన్నీ టీ పొయ్యిలో వేసేస్తారు. కావలసినవాళ్ళు మళ్ళీ శుక్రవారం మళ్ళీ రాసుకోవాలి. విన్నపానికి జవాబు వచ్చినవాళ్ళు అందరి ముందూ లేచి సాక్ష్యం చెబుతారు. అందరూ స్తోత్రం అంటారు.

ఒక శుక్రవారం మామ్మ నన్ను పట్టుకుంది. "ఏటమ్మా, ఈ సీటీలన్నీ ఫోన్లోకి ఎక్కించలేవా? శుక్రారం రానోళ్ళకి ఎవలి కట్టం ఏటో తెలవట్లేదు. పొద్దున్న లేచి ఏటని పార్దన సేత్తారు?"

"ఎక్కించవచ్చు మామ్మా. మరి తీసెయ్యడం ఎవరు తీసేస్తారు?"

"జవాబు వచ్చినోళ్ళే తీసుకోవాల. దేవుడు జవాబియ్యకుండా విన్నపాన్ని మనవెలాగ కొట్టేత్తాం?"

అలాగేనని రాశాను. నాకు తెలిసిన పద్ధతే. ఇల్లు కీ, విన్నపం వాల్యూ. ప్రతి ఫోనూ ఆ వరస మీద కన్నేసి ఉంటుంది. ఎవరి విన్నపం మారినా అందరి ఫోన్లూ టింగుమంటాయి, తెర మారుతుంది. తీసెయ్యడానికి ఒకటే బొత్తాం, 'జవాబు వచ్చింది' అని. అది ఆ ఇంటివాళ్ళ ఫోన్లోనే కనిపిస్తుంది. వారం వారం తిరగరాసే బాధ కూడా తప్పించాను. ఒకసారి రాస్తే, జవాబు వచ్చేదాకా చెక్కుచెదరదు. ఆ ముక్క మామ్మకి చెబుతూ నాలో నేనే మురిసిపోయాను కూడా.

టింగు వాళ్ళకి తెగ నచ్చింది. మార్కెట్టులో కూరలు బేరం చేస్తూ, ఆటోలో కూర్చుని, ఎక్కడ మోగినా ఫోను చూసి 'స్తోత్రం' అనేవారు. పాలకేంద్రం పక్కింటి అబ్బాయికి ఉద్యోగం వచ్చిన రోజున మా వీధి వీధంతా ఒక్కసారే మోగింది.

ఇక మా తోటికోడలు. మాడుగుల పిల్ల, వాళ్ళ వాడుక ప్రకారం నన్ను అక్కా అనకుండా అప్పా అంటుంది. మేడ మీద మా వాటా పక్కనే వాళ్ళ వాటా, మధ్యలో ఒకటే వరండా. మా మరిదిది ఫార్మా కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. అందువల్ల ఆ పిల్ల సగం రోజు నా దగ్గరే ఉంటుంది. నేను కాల్‌లో ఉంటే చప్పుడు చెయ్యకుండా టీ గ్లాసు పక్కన పెట్టి వెళ్తుంది. పెళ్ళయిన కొన్నాళ్ళ నుంచీ ప్రతి శుక్రవారం దాని చీటీ ఒక్కటే. మేడ మీద ఇల్లు, బిడ్డ. నేను మా ఇంటి తరఫున వేరే చీటీ ఎప్పుడూ వెయ్యలేదు. అడగడానికి లేక కాదు, ఒకే ఇంటికి రెండు ఎందుకని.

చలికాలం పోతూ ఉండగా దానికి జవాబు వచ్చింది. మందిరంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. రెండు ముక్కలు చెప్పి ఏడుస్తూ కూర్చుండిపోయింది. బొత్తాం నొక్కగానే అన్ని ఫోన్లూ మోగాయి. మామ్మ దాని బుగ్గలు పుణికి, "ఇంకోటి రాయమ్మా" అంది నాతో. "మేడ మీద ఇల్లు, గర్బం నిలవాల." నా చేత్తో నేనే టైపు చేశాను.

నాలుగో నెలలో పోయింది.

ఎలా పోయిందో, డాక్టరమ్మ ఏమందో ఇక్కడ రాయను. ఆసుపత్రి నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. మా ఆయన, మరిది, మేమిద్దరం, ఈ నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు. మా మరిది మూడో రోజే షిఫ్టుకి వెళ్ళిపోయాడు, సెలవు లేదన్నాడు. ఉండి మాత్రం ఏం చేస్తాడు, వరండాలో నిలబడి గోదాంలోకి దిగే బెల్లం దిమ్మల్ని చూస్తూ ఉండేవాడు. నేను ఒక చెవిలో టీమ్ లీడుని పెట్టుకుని, ఇంకో చెవి ఆ గదివైపు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆ గదిలోంచి ఏడుపు కూడా వినిపించేది కాదు. అదే నాకు భయంగా ఉండేది.

ఊళ్ళో ఫోన్లన్నిటిలోనూ మాత్రం 'మేడ మీద ఇల్లు, గర్భం నిలవాలి' అని అలాగే ఉంది. పొద్దున్నే ఎంతమంది మోకాళ్ళ మీద కూర్చుని దాని కోసం ప్రార్థన చేస్తున్నారో తలుచుకుంటే నాకు ఒళ్ళు మండేది. పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగితే చాలు, "మీ తోటికోడలికి వాంతులు తగ్గేయా?" "బరువులు ఎత్తనియ్యకమ్మా." "బొప్పాయి ముట్టొద్దని సెప్పు." రైలు గేటు ఇంటావిడ మావిడికాయ ఊరగాయ జాడీ పంపింది, నోరు చప్పబడితే తింటుందని. ఆ జాడీని వరండా గోడ మీద పెట్టాను. లోపలికి తేవడానికి మనసొప్పలేదు, తిప్పి పంపడానికి నోరు రాలేదు.

ఒక మధ్యాహ్నం అది లేచి వచ్చి నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"అప్పా, ఫోన్లలో ఉన్నది తీసెయ్యవా?"

"తియ్యాలంటే 'జవాబు వచ్చింది' అని నొక్కాలే. ఇంకో దారి పెట్టలేదు."

"జవాబు వచ్చిందిగా అప్పా. ఒద్దన్నాడు."

నేను ల్యాప్‌టాప్ మూత వేశాను. "అది నొక్కితే అందరివీ మోగుతాయి. బిడ్డ బాగుందనుకుని స్తోత్రం అంటారు" అన్నాను.

"వాళ్ళు స్తోత్రం అన్నారంటే నేను సచ్చిపోతాను."

"పోనీ మామ్మకి చెప్పి, శుక్రవారం నేనే అందరికీ ఒక్కసారి చెప్పేస్తాను. సరేనా?"

"సెప్పొద్దు." గోడకి తల ఆనించింది. "ఒక్కొక్కలూ మెట్లెక్కి వత్తారు. ఒక్కొక్కలూ తలమీద సెయ్యేత్తారు. అందరికీ మొదట్నుంచీ సెప్పాల. అందరి ముందూ లేచి సాక్ష్యం సెప్పేనప్పా. తొందరపడి సెప్పేసిందంటారు. ఇస్వాసం సాల్లేదంటారు. అది ఆ ఫోన్లలో ఉన్నన్నాళ్ళూ నేను మెట్లు దిగను. తీత్తే ఎవలికీ తెలవకుండా తియ్యి. లేపోతే ఒగ్గెయ్."

అన్నట్టుగానే మెట్లు దిగలేదు. మందిరం లేదు, మార్కెట్టు లేదు. మాడుగుల నుంచి వాళ్ళమ్మ హల్వా పట్టుకుని వస్తానంటే కూడా, ఇప్పుడొద్దు, తర్వాత రమ్మంది. అన్నం కంచంలో కెలికి వదిలేసేది. దానికి నిద్ర ఉండేది కాదు. పక్క వాటాలో దాని అడుగుల చప్పుడు వింటూ నాకూ ఉండేది కాదు.

నేను ఎటూ తోచక తిరిగాను. కొత్త బొత్తాం పెట్టవచ్చు. 'విన్నపం వెనక్కి తీసుకున్నాం' అని. కానీ అది నొక్కినా మోగుతుంది. మోగకపోతే నేను రాసింది రాసినట్టే కాదు. మార్పు అంటేనే కబురు. కబురంటేనే ఆ మెట్ల మీద ఆడవాళ్ళ వరస. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. అదే కష్టం. చెడ్డవాళ్ళయితే తలుపు వేసుకోవచ్చు.

అప్పుడు చీటీలు గుర్తొచ్చాయి. బిస్కెట్ల డబ్బాలో చీటీలు శుక్రవారంతో బూడిదయ్యేవి. మళ్ళీ వారం రాయకపోతే అది ఇంకెవరూ చదవరు. ఎందుకు మానేశావని అడిగే ఆచారం మాలో లేదు. ఎన్నో ఏళ్ళు ఆ డబ్బా ముందు కూర్చున్నాను గానీ, రాయడం మానేసినవాళ్ళు కూడా ఉంటారని నేనెప్పుడూ ఆలోచించలేదు. ఏదో ఒక శుక్రవారం ఎవరో ఒకావిడ చీటీ వెయ్యకుండా, ఖాళీ చేతుల్తో వచ్చి, చాప మీద అందరితో పాటే కూర్చుని ఉంటుంది. మామ్మ చదవలేదు, ఎవరూ అడగలేదు. అది కాగితంలో ఉన్న గుణం. నేను దాన్ని తిరగరాసే బాధ అనుకుని తీసిపారేశాను. కోపం వచ్చింది. మామ్మ మీద, టింగు మీద, చెక్కుచెదరదని మురిసిన నా తెలివి మీద.

సరిగ్గా ఆ వారమే బస్సు సీటు కన్నం దొరికింది. ఎప్పుడో ఎవరో రాసిన ఒక చిన్న ముక్క, కబురు పంపే దారిని వదిలేసి, నేరుగా అడుగునున్న అసలు సరుకులోకి చెయ్యి పెట్టి మార్చేస్తోంది. సీటు అమ్ముడైపోయేది, బొమ్మకి తెలిసేది కాదు. ఒక్క లైను మార్చాను. పచ్చ సీటు ఎర్రగా అయిపోయింది.

"సూపర్ మేడమ్. ఇదే కదా మనక్కావలసింది" అన్నాడు టీమ్ లీడు. ఆయన గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

నాకు సంతోషం రాలేదు. కాల్ పెట్టేసి, చీమల్ని చూస్తూ కూర్చున్నాను. వేసవంతా నా ప్రాణం తోడేసిన తప్పు. పక్క గదిలో పిల్లకి కావలసింది సరిగ్గా అదే. మారాలి, ఎవరికీ చెప్పకుండా మారాలి.

మందిరం పేజీ తెరిచి, నేను ఎవరినీ చెయ్యనివ్వని పని చేశాను. బొత్తాం జోలికి పోకుండా, కబురు వెళ్ళే దారి జోలికి పోకుండా, వెనకనుంచి అసలు సరుకులోకి దిగి, మేడ మీద ఇల్లు అన్న కీ ఎదురుగా ఉన్న మాటల్ని చెరిపేశాను. ఇంటి పేరు ఉంచాను. నా పక్కనే ఉన్న ఫోను మోగలేదు. అందులో పాత మాట అలాగే ఉంది. పేజీ మూసి మళ్ళీ తెరిస్తే, మేడ మీద ఇల్లు, పక్కన ఖాళీ. ఎవరు ఎప్పుడు మళ్ళీ తెరిస్తే వాళ్ళకి అప్పుడు, వాళ్ళ ఒక్కరికే కనిపిస్తుంది. మా ఆఫీసువాళ్ళు చూస్తే చీదరించుకుంటారు. చీదరించుకోనీ.

మర్నాడు పాల దుకాణం దగ్గర రైలు గేటు ఇంటావిడ. ఎప్పటిలాగే వరసలో నిలబడి ఫోను తెరిచింది. వేలితో కిందికి లాగుతూ ఒకచోట ఆగింది. మళ్ళీ పైకి లాగింది, మళ్ళీ కిందికి. నావైపు చూసింది. నేను పాల ప్యాకెట్టు చిరిగిందేమో అన్నట్టు తిప్పి తిప్పి చూస్తున్నాను. ఇక అడుగుతుంది, ఏం చెప్పాలి అనుకున్నాను.

ఆవిడ ఫోను సంచిలో వేసుకుంది. "ఎండలు ముదిరిపోతన్నాయి కదమ్మా" అంది.

"అవునండీ" అన్నాను.

"ఆ ఊరగాయ మీరు తినీయండి. జాడీకేటి తొందరలేదు."

అంతే. పాల ప్యాకెట్లు పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఇలాగే గడిచింది. వాంతుల మాట ఎవరూ ఎత్తలేదు, బొప్పాయి మాట ఎత్తలేదు. మెట్లెక్కి ఎవరూ రాలేదు. చీటీ వెయ్యనివాళ్ళని అడగకూడదన్న మర్యాదని ఫోన్లోకి ఎక్కించాలని నాకు తోచలేదు గానీ, వాళ్ళెవరూ దాన్ని మరిచిపోలేదు. వరండాలో నిలబడి ఈ మాట తోటికోడలికి చెబితే నమ్మలేదు. "ఒక్కలు కూడా అడగలేదా?" అని రెండుసార్లు అడిగింది.

శుక్రవారం అది చీర కట్టుకుని వరండాలోకి వచ్చింది. చెప్పులు వేసుకుని పై మెట్టు మీద చాలాసేపు నిలబడింది. నేను తొందరపెట్టలేదు. కింద బస్తాలు దించే కుర్రాళ్ళు పక్కకి తప్పుకున్నారు. దిగింది.

మందిరంలో వెనక, గోడ పక్కన కూర్చున్నాం. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావట్లేదు. మామ్మ కళ్ళజోడు సవరించుకుని, ఫోనుని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. రైలు గేటు ఇల్లు. పాలకేంద్రం పక్కిల్లు. అప్పుడు నాకు గుర్తొచ్చింది.

మామ్మ పేజీ ఎప్పుడూ మూయదు. మూసేస్తే మళ్ళీ దొరకదని ఆవిడ భయం. రోజంతా ఛార్జింగు పెట్టి మరీ తెరిచే ఉంచుతుంది. కొత్త విన్నపాలు కబురుతో వచ్చి చేరతాయి. కబురు లేకుండా పోయింది మాత్రం ఆవిడ ఫోన్లో పోలేదు. ఊరందరి ఫోన్లలోనూ ఖాళీ అయిపోయిన మాట, పైకి చదివే ఆ ఒక్క ఫోన్లో మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

లేచి వెళ్ళి లాక్కుందామా అనుకున్నాను. లేస్తే అందరూ ఇటే చూస్తారు. పక్కన తోటికోడలు చేతిని గట్టిగా పట్టుకున్నాను. ఎందుకో దానికి తెలియదు.

"మేడ మీద ఇల్లు," అంది మామ్మ.

ఆగింది. అందరూ తలలు దించుకున్నారు. ఆవిడ కళ్ళజోడు మీదుగా చివరి వరస దాకా చూసింది. తోటికోడలు మొహం దగ్గర ఆ చూపు నిలబడింది. మళ్ళీ ఫోను చూసుకుంది.

"మేడ మీద ఇల్లు. తండ్రీ, నువ్వే సూసుకో." అని తర్వాతి ఇంటికి వెళ్ళిపోయింది. నేను పట్టుకున్న చేతిని వదిలాను. నా వేళ్ళ గుర్తులు దాని చేతి మీద ఎర్రగా ఉన్నాయి.

చివరి ఇల్లు దాకా చదివి, మామ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకోబోతోంది. అప్పుడు నా పక్క నుంచి గొంతు వచ్చింది. అంత గట్టిగా నేను ఎన్నాళ్ళుగానో వినని గొంతు.

"మామ్మా. మా ఇల్లు సగవే సదివేవు."

అందరూ వెనక్కి తిరిగారు. అది లేవలేదు. కూర్చునే చెప్పింది.

"రెండో సగం లేదు మామ్మా. పోయింది. నాలుగో నెల్లో."

ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పగలిగిందని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఆ గదిలో ఎవరూ విశ్వాసం మాట ఎత్తలేదు. ఎవరూ స్తోత్రం అనలేదు. మామ్మ చాప మీద తన పక్కన చేత్తో తట్టింది.

"తెల్సమ్మా. ఇలా రా. నేనూ రెండుసార్లు సీటీ ఎయ్యడం మానేసినదాన్నే."

అది వెళ్ళి మామ్మ ఒళ్ళో తల పెట్టుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. రైలు గేటు ఇంటావిడ లేచి వచ్చి దాని పక్కన కూర్చుని, కొంగుతో విసిరింది. నేను వెనకే ఉండిపోయాను. నాకూ ఏడుపొచ్చింది గానీ, ముందు అలసట వచ్చింది. వేసవంతా పేరుకున్న అలసట.

చాలాసేపటికి మామ్మ ఫోను నావైపు చాచింది. "దీన్లో ఇంకా పాతదే ఉండిపోయిందమ్మా. ఆ ఇంటికి ఏటి రాయాలో ఆ పిల్లనే అడిగి రాయి."

దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. "ఏం రాయమంటావు?" అని అడిగాను. అది మొహం తుడుచుకుంటూ ఆలోచించింది. బిడ్డ అంటుందేమో అనుకున్నాను. ఆ మాట రాయడానికి నా వేళ్ళకి శక్తి లేదు.

"నిద్ర పట్టాలని రాయప్పా," అంది. "అంతే సాలు."

ఈసారి వెనక దారిన వెళ్ళలేదు. అందరికీ కబురు వెళ్ళే దారిలోనే రాశాను. మేడ మీద ఇల్లు, నిద్ర. సంచుల్లో, చాపల కింద, ఒళ్ళలో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారి టింగుమన్నాయి. ఎవరూ తీసి చూడలేదు. మామ్మ కళ్ళు మూసుకుని ఆ రెండు మాటలూ పైకి చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు.

నా ఫోనూ మోగింది. మేడ మీద ఇల్లంటే అందులో నేనూ ఉన్నాను కదా అని అప్పుడు తోచింది. ఆ ఇంటి కోసం ఎవరేం అడిగినా అందులో నాకూ కొంత వాటా ఉంటుంది. తర్వాత టీమ్ లీడు పేరు తెర మీద వెలిగింది. ఫోను బోర్లా పెట్టి, తోటికోడలు పక్కనే చాప మీద ఒరిగాను. మామ్మ ఇంకా ప్రార్థిస్తూనే ఉంది. ఆ గొంతు వింటూ వింటూ, అంతమంది మధ్యలో, పట్టపగలు, ఇద్దరం నిద్రపోయాం.